వ్యాసంలో ఉన్న మనవరాలు

జనవరి 9

డి.

కెమిస్ట్రీలో. పై స్థాయి కెమిస్ట్రీలో అని రాస్తే కాస్త గౌరవంగా ఉంటుందేమో. అయినా అక్షరం అక్షరమే. మిగతావన్నీ ఏ గ్రేడ్లు, ఒకే ఒక్క బి. వాటి మధ్యలో ఇది ఉతికిన చొక్కా మీద మరకలా కూర్చుంది. ఎంత చూసినా అదొక్కటే కనిపిస్తోంది.

క్లాసు అయ్యాక, మేం బ్యూరెట్ అని పిలుచుకునే కెమిస్ట్రీ టీచరు నన్ను ఆగమన్నారు. ల్యాబులో ఆ గాజుగొట్టంలాగే సన్నగా, నిటారుగా నిలబడి, చేతులు తుడుచుకుంటూ చెప్పారు. "నువ్వు కష్టపడ్డావు, నాకు తెలుసు. కానీ నీకు రాలేదు. రెండూ నిజమే."

తిట్టినా బాగుండేది.

జనవరి 10

రెండేళ్ల కిందట ఈ క్లాసులో చేరమని మా ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పింది వైస్ ప్రిన్సిపాలే. తేలిక క్లాసులో ఏ తెచ్చుకున్నవాళ్ల కంటే కష్టమైన క్లాసులో బి తెచ్చుకున్నవాళ్లనే కాలేజీ వాళ్లు కోరుకుంటారన్నారు. ఇవాళ నేను వెళ్లి మరి డి వస్తే ఏం చేస్తారని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "నేను బి అన్నాను కదమ్మా," అన్నారు.

నా బెంచీ స్నేహితురాలు తేలిక క్లాసులో చేరింది. దానికి ఏ వచ్చింది. మేమిద్దరం ఒకే కాలేజీకి పెట్టుకుంటున్నాం. మధ్యాహ్నం నా భుజం మీద చెయ్యేసి, నువ్వు కనీసం ప్రయత్నించావే అని ఓదార్చింది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో. దులిపేసుకోవాలనిపించింది.

ఇంటికొస్తే అమ్మ ఫోన్లో ఎవరితోనో పరీక్షలప్పుడు నాకు జ్వరమని చెబుతోంది. నాకు జ్వరం రాలేదు. మూడో ఫోనుకల్లా అది టైఫాయిడ్ అయింది. నేను ఎదురుగా కూర్చుని ఆరోగ్యంగా తింటున్నాను.

జనవరి 20

అమ్మ నన్ను అడ్మిషన్ల సలహాదారు దగ్గరికి తీసుకెళ్లింది. అమ్మ పనిచేసే కంటి ఆసుపత్రి రిసెప్షన్‌లో ఎవరో ఆయన పేరు చెప్పారట. చెప్పుల దుకాణం పైన ఆయన ఆఫీసు. మెట్ల దాకా తోలు వాసన, తలుపు తీస్తే సెంటు వాసన. గోడ నిండా సీట్లు వచ్చిన పిల్లల ఫోటోలు, అందరూ బొటనవేళ్లు ఎత్తి నవ్వుతున్నారు. ఆయన చేతికి, మెడకి, బహుశా నాలుక్కి కూడా సెంటు రాసుకున్నాడు. పేరు చెప్పాడు గానీ నా మనసులో అప్పుడే సెంటుబుడ్డి అయిపోయాడు.

నా మార్కులన్నీ చూసి డి దగ్గర వేలు ఆపాడు. దీనికి కారణం ఏమిటని అడిగాడు. అర్థం కాలేదండీ అన్నాను.

"అది కారణం కాదమ్మా," అన్నాడు ఓపిగ్గా.

మరి ఏది కారణమో ఆయనే వెతకడం మొదలుపెట్టాడు. ఇల్లు మారారా, అమ్మానాన్నలకి గొడవలా, నాన్న ఉద్యోగం పోయిందా. నాన్న లిఫ్టులు బాగుచేస్తారు, ఊళ్లో లిఫ్టులు ఆగిపోతున్నంతకాలం ఆయన ఉద్యోగం పోదు. అమ్మ అన్నిటికీ లేదు లేదంటూ తల ఊపుతుంటే, ఏ కష్టమూ లేకపోవడం మా తప్పేమో అన్నట్టుగా ఉంది. చివరికి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అన్నాడు.

"మా అత్తగారికి పక్షవాతం వచ్చింది," అంది అమ్మ.

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. ఎప్పుడు అన్నాడు. వానలు మొదలైనప్పుడు అంది అమ్మ. "అంటే సరిగ్గా ఆ టర్మ్‌లోనే," అన్నాడు, లాటరీ తగిలినవాడిలా. వెంటనే గొంతు తగ్గించి, ఇప్పుడావిడ ఎలా ఉన్నారని అడిగాడు. ఇంట్లోనే ఉన్నారు, మంచం మీదే, మాట మాత్రం బాగానే వచ్చింది అని అమ్మ చెప్పింది. ఓ అన్నాడు. ఆ ఓ లో కాస్త నిరాశ వినిపించింది. నేను కల్పించి రాయడం లేదు, నిజంగా వినిపించింది.

జనవరి 21

నేను నానమ్మ గదిలోకి వెళ్లను. గుమ్మం దగ్గర నిలబడి ఎలా ఉన్నావు నానమ్మా అంటాను, బాగున్నానంటుంది, వచ్చేస్తాను. నాకు ఆ వాసన పడదు. కొందరికి పడదు. అది తప్పు కాదు.

ఫిబ్రవరి 2

సెంటుబుడ్డి వ్యాసం పంపాడు. నా వ్యాసం. కింద నా పేరే ఉంది.

అందులో ఒక మనవరాలు ఉంది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గుమ్మంలో పడేసి నానమ్మ గదిలోకి పరిగెత్తుతుంది. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి వేళ్ల సందులు తుడుస్తుంది. బిగుసుకుపోయిన పిడికిలిని ఒక్కో వేలూ విప్పి, మళ్లీ ముడుచుకోకుండా తన చెయ్యి అందులో పెట్టి కూర్చుంటుంది. నానమ్మ పక్క మీద ఉండగానే దుప్పటి మారుస్తుంది. నానమ్మ నిద్రపోయాక ఆ మంచం పక్కనే కెమిస్ట్రీ పుస్తకం తెరుస్తుంది, కానీ అక్షరాలు మసకబారతాయి. "నాకు వచ్చిన డి గురించి నేను సిగ్గుపడను. ఆ టర్మ్‌లో నేను వేరే పాఠం నేర్చుకున్నాను."

ఇవన్నీ ఆయనకెలా తెలిశాయంటే, అమ్మ ఫోన్లో చెప్పిందట. నాన్న చేసేవన్నీ చెప్పిందట.

వ్యాసంలో నాన్న లేరు. ఒక్క చోట కూడా లేరు. లిఫ్టుల గ్రీజు చేతులకి అంటుకుని ఇంటికొచ్చి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని ఆ గదిలోకి వెళ్లే మనిషిని తుడిచేసి, ఆ జాగాలో నన్ను నిలబెట్టారు.

అసలు రోత అది కూడా కాదు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ మనవరాలు నాకెంతో నచ్చింది. ఒక్క నిమిషం నిజంగానే నేనే ఆ పిల్లననుకున్నాను.

ఫిబ్రవరి 5

అమ్మ నాన్నకి వ్యాసం చూపించింది. వద్దన్నాను, వినలేదు. నాన్న బనీనుతో వంటగది బల్ల దగ్గర నిలబడి, పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివారు. నేను ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి చూస్తూ నిలబడ్డాను. అందులో నాకేమీ అక్కర్లేదు.

చదవడం అయ్యాక, బాగుంది అన్నారు. నీళ్లు వేడిచెయ్యడానికి వెళ్లారు.

ఫిబ్రవరి 8

దరఖాస్తు వెళ్లిపోయింది. అమ్మ పంపింది.

ఫిబ్రవరి 9

అమ్మే పంపింది. నేను పక్కన కూర్చున్నానంతే.

అయినా అందరూ ఇలాగే చేస్తారు. గోడ మీది ఫోటోల్లో ఉన్నవాళ్లందరికీ ఎవరో ఒకరు చచ్చిపోయే ఉంటారు.

ఫిబ్రవరి 17

నానమ్మకి తెలిసిపోయింది. అమ్మే గర్వంగా చెప్పింది, మీ గురించి మీ మనవరాలు రాసిందని. నానమ్మ నన్ను కేకేసింది. మూతి ఒక పక్కకి లాగేసినా కేక మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"అందులో నన్ను బతికుంచారా, చంపేశారా?" అంది.

ఉంచారని చెప్పాను. చదవమంది. ఫోన్లో తెరిచి గుమ్మంలోంచే చదివాను, నోటితో ఊపిరి పీల్చుకుంటూ. పిడికిలి సంగతి దగ్గరికి వచ్చేసరికి దగ్గినట్టు చేశాను. నానమ్మ కళ్లు మూసుకుని చివరి దాకా విన్నది. నిద్రపోయిందేమో అనుకునేలోగా కళ్లు తెరిచింది.

"ఆ పిల్ల మంచిదే. ఒకసారి ఇంటికి తీసుకురా, చూస్తాను."

కోపంగా అనలేదు. మూతిలో కదిలే పక్కతోనే నవ్వింది కూడా. నేను నా గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. తల తీసేసినట్టు ఉంది.

మార్చి 3

ఇంటర్వ్యూకి పిలిచారు. అమ్మ ఆనందంతో నన్ను వాటేసుకుంది. సెంటుబుడ్డి నన్ను పిలిపించి తర్ఫీదు ఇచ్చాడు. నానమ్మ మాట రాగానే ఒక్క క్షణం ఆగాలట. కిందికి చూడాలట. కళ్లలో నీళ్లొస్తే ఆపుకోవద్దట, మరీ ఎక్కువ కాకుండా చూసుకోమన్నాడు. నా చేత రెండుసార్లు చేయించాడు. రెండోసారి నాకు నిజంగానే నీళ్లొచ్చాయి, ఆయన సెంటు ఘాటుకి. భేష్ అన్నాడు.

నా స్నేహితురాలికి ఇంటర్వ్యూ రాలేదు. దాని ఏ గ్రేడ్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. దాని ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు. ఫోన్లో అది ఏడుస్తుంటే నేను దాని మాటలే దానికి అప్పజెప్పాను, నువ్వు కనీసం ప్రయత్నించావే అని. పెట్టేశాక నోరు కడుక్కోవాలనిపించింది.

మార్చి 11

వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నాకు నచ్చినట్టు మార్చేసుకుంటాను.

గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీ బయట సైకిళ్లు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒక్కరే ఉన్నారు. అమ్మ కంటే పెద్దావిడ, పొట్టి జుట్టు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన స్వెటరు. నా కాగితాలు ముందే చదివేసి ఉన్నారు. కూర్చోమన్నారు, ప్రయాణం ఎలా జరిగిందన్నారు. తర్వాత పెన్ను మూత తీశారు.

"ఇది ఇంటర్వ్యూలో అడగాల్సింది కాదు. మా అమ్మ కూడా నాలుగు నెలలుగా మంచం మీదే ఉంది. మనిషి పక్క మీద ఉండగానే దుప్పటి మార్చేదాన్నని రాశావు కదా. ఎలా మార్చేదానివి? నాకూ మా చెల్లెలికీ చేతకావడం లేదు. ఆవిడకి నొప్పి కలిగిస్తున్నాం."

సెంటుబుడ్డి దీనికి తర్ఫీదు ఇవ్వలేదు.

నేను ఒక్క క్షణం ఆగాను. కిందికి చూశాను. అంతా ఆయన చెప్పినట్టే జరిగింది, కాకపోతే ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ పెన్ను పట్టుకుని ఉన్నారు, చెబితే రాసుకుందామని. ఏదో ఒకటి కల్పించి చెబితే ఆవిడ ఇంటికెళ్లి వాళ్లమ్మకి అదే చేస్తారు.

"నాకు తెలీదు మేడమ్. ఆ పనులన్నీ మా నాన్న చేస్తారు. అది రాసింది కూడా నేను కాదు. నేను ఆ గదిలోకి వెళ్లను."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. ఎందుకు వెళ్లవని అడిగారు. వాసన అని చెప్పాను. ఛీ అంటారనుకున్నాను. ఉంటుంది, మా అమ్మ గదిలోనూ ఉంటుంది అన్నారు.

తర్వాత, మరి ఆ డి ఎందుకొచ్చిందని అడిగారు. అర్థం కాలేదన్నాను. ఇంతకుముందు ఈ మాట అన్నప్పుడు అది కారణం కాదన్నారు. ఈవిడ మాత్రం, ఏది అర్థం కాలేదు అన్నారు. నన్ను ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

చెప్పాను. సమతాస్థితి పాఠం దగ్గర పడిపోయాను. చర్య ముందుకీ వెనక్కీ జరుగుతూనే ఉంటుందంటారు, కానీ బయటికి ఏమీ జరగనట్టు కనిపిస్తుందంటారు. వేడి పెంచితే ఎటు జరుగుతుందో బట్టీ పట్టాను. ఎందుకు జరుగుతుందో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత పాఠాలన్నీ దాని మీదే నిలబడ్డాయి, నేను మాత్రం కింద మెట్టు దగ్గరే ఉండిపోయాను. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం మీద బాణాలు వేస్తూ చెప్పారు. అటు వెళ్లేవీ ఇటు వచ్చేవీ ఒకే వేగంతో ఉంటే లెక్క మారదు, అందుకే ఆగినట్టుంటుంది అన్నారు. వేడి ఇస్తే రెండు వేగాలూ పెరుగుతాయి గానీ సమానంగా పెరగవు, ఏది ఎక్కువ పెరిగితే అటే మొగ్గుతుంది, అక్కడ మొదలుపెట్టు అన్నారు. మొదటిసారి ఆ మాటలు తలలోకి దిగాయి. అంతా కాదు. కొంచెం.

"ఇది మీ టీచర్ని అడిగావా?"

"లేదు మేడమ్."

"ఎందుకు?"

"మిగతావాళ్లందరికీ అర్థమైనట్టు కనిపించింది."

ఆవిడ నవ్వలేదు. నా కాగితాలన్నీ ఒక దగ్గరికి చేర్చి అంచులు సరిచేశారు. నిజం చెప్పినవాళ్లకి మార్కులు వెయ్యడానికి మా ఫారంలో ఏ గడీ లేదు, వ్యాసం తనది కాకపోతే ఏం చెయ్యాలో మాత్రం రూలు ఉంది, నేనేం రాయాలో నాకే తెలియడం లేదు అన్నారు. లేచి తలుపు దాకా వచ్చారు. దుప్పటి సంగతి మీ నాన్నగారినే అడగాల్సింది అన్నారు, నాతోనో తనతోనో.

మార్చి 12

ఇంటర్వ్యూలో ఏమన్నానో నిన్న రాత్రే అమ్మకి చెప్పేశాను. ఇవాళ సాయంత్రం బట్టలు మడతపెడుతూ దాని గురించి మాట్లాడింది. అరవలేదు.

"రెండేళ్లు నువ్వు ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే చూశాను. ఆడుకోలేదు, ఎక్కడికీ రాలేదు. అదంతా ఒక్క అక్షరానికి పోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

అమ్మ నా సాక్సుల జతలు కలుపుతోంది, ఒకటి ఎక్కడో తప్పిపోయింది, దాని కోసం బట్టలన్నీ మళ్లీ మళ్లీ తిరగేస్తోంది. అమ్మని అసహ్యించుకుంటే నాకు చాలా తేలిగ్గా ఉండేది. నెలన్నరగా అదే పని చేశాను.

ఫిబ్రవరిలో దరఖాస్తు అమ్మ పంపలేదు. అమ్మ లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, నీ ఇష్టం అని వంటగదిలోకి వెళ్లిపోయింది. బటన్ నేనే నొక్కాను.

ఏప్రిల్ 2

రాలేదు.

సీటు ఇవ్వలేమన్నారు. చింతిస్తున్నామన్నారు. డి వల్లనా, ఆ గదిలో నేను చెప్పినదాని వల్లనా? ఎవరూ చెప్పరు. అమ్మ రెండోదే అంటుంది. సెంటుబుడ్డి కూడా అదే అన్నాడట, చేతిలో ఉన్న సీటు నీళ్లపాలు చేసుకుందని. నాకు మాత్రం ఆ ప్రొఫెసర్ వాళ్లమ్మకి ఇంకా నొప్పి కలిగిస్తున్నారా అన్న ఆలోచనే వస్తోంది. గొప్ప కోసం రాయడం లేదు. సీటు కోసం కూడా ఏడ్చాను, బాగా ఏడ్చాను, ముక్కు దిబ్బడ వేసేలా.

ఏప్రిల్ 4

బస్సు డిపో పక్కనున్న కాలేజీలో వచ్చింది. దానికి వ్యాసం లేదు, మార్కులే. డి చూసి, మొదటి ఏడాది కెమిస్ట్రీ మళ్లీ మొదటి నుంచి చదవాలని షరతు పెట్టారు. నా స్నేహితురాలూ అక్కడే చేరుతోంది. దానికి షరతు లేదు. ఫోన్ చేసి, మార్చిలో దానితో అన్న మాటకి క్షమించమన్నాను. ఏ మాట అంది. గుర్తు లేదట. అలా అంటేనే దానికి మర్యాదేమో.

ఏప్రిల్ 6

ఆదివారం. నాన్న వరండాలో దుప్పటి పిండుతున్నారు. నేను రెండో కొస పట్టుకున్నాను. ఆయన తన వైపు మెలి తిప్పడం మొదలుపెట్టారు, నేను నా వైపు తిప్పాను. నీళ్లు మా ఇద్దరి కాళ్ల మీదా పడ్డాయి.

ఆ వ్యాసం చదివినప్పుడు నీకు కోపం రాలేదా నాన్నా అని అడిగాను. ఇన్నాళ్లూ అడగలేకపోయినది.

రాలేదన్నారు. దుప్పటి దులిపి తీగ మీద వేసి, అంచులు సమానంగా లాగారు. ఆయన ఏ పని చేసినా అంచులు చూసుకుంటారు.

"అది ఎవరో రాశారని నాకు తెలీదు తల్లీ. మీ అమ్మ చెప్పలేదు. నువ్వే రాశావనుకున్నాను. ఇవన్నీ నువ్వు చూస్తున్నావనుకున్నాను. ఆ వారమంతా నాకు బాగుంది."

ఆ తర్వాత క్లిప్పులు పెట్టారు.

రెండు నెలలు నేను అసహ్యించుకున్న వాళ్ల లెక్కలో అందరూ ఉన్నారు. వైస్ ప్రిన్సిపాలు, స్నేహితురాలు, సెంటుబుడ్డి, అమ్మ, నేను. నాన్నకి అన్యాయం జరిగిందని ఆయన తరఫున కూడా నేనే అసహ్యించుకున్నాను. ఆయన మాత్రం ఆ వారమంతా సంతోషంగా ఉన్నారు, నేను గమనిస్తున్నానని.

దుప్పటి ఎలా మారుస్తారో చూపించమన్నాను. ఇప్పుడా అన్నారు. ఇప్పుడే అన్నాను.

లోపలికి వెళ్లాం. మనిషిని ఒక పక్కకి ఒత్తిగిల్లించి, పాత దుప్పటిని వీపు వరకు చుట్టాలి. కొత్తది సగం పరిచి, మిగతా సగం ఆ చుట్ట పక్కనే చుట్టి పెట్టాలి. తర్వాత మనిషిని రెండో పక్కకి తిప్పి, పాతది లాగేసి, కొత్తది అవతలికి లాగాలి. చెబితే ఇంతే. కానీ తిప్పేటప్పుడు నానమ్మ బరువంతా నా చేతుల మీదికి వచ్చింది, చర్మం వెచ్చగా, పలచగా ఉంది, పాత దుప్పటి లాగేయగానే వాసన ముఖానికి కొట్టింది. నేను బాత్రూంలోకి పరిగెత్తి కక్కుకున్నాను. తిరిగొచ్చి కొత్త దుప్పటి లాగాను. మళ్లీ వెళ్లి కక్కుకున్నాను.

రెండోసారి వచ్చేసరికి నానమ్మ నన్నే చూస్తోంది.

"ముక్కు మూసుకోవే. నా దగ్గర సిగ్గెందుకు? మీ నాన్న మొదటి నెలంతా మూసుకునే చేశాడు."

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. అమ్మా, ఊరుకో అని కిటికీ తెరవడానికి వెళ్లారు. ఆ కిటికీ అప్పటికే తెరిచి ఉంది.

ఆయనకి అలాంటివేవీ అనిపించవని అనుకునేదాన్ని. కొందరికి పడుతుంది, కొందరికి పడదు, అని ఇందులోనే ఎక్కడో రాసుకున్నాను.

రేపు పొద్దున్నే నాన్నకి డ్యూటీ. పదంతస్తుల బిల్డింగులో లిఫ్టు ఆగిపోయిందట. దుప్పటి నేను మారుస్తానన్నాను. వద్దులే, కింద పడేస్తుంది అంది నానమ్మ. బాగానే మారుస్తుందిలే అమ్మా అన్నారు నాన్న. నా మీద నమ్మకంతో అన్నారో, నేను తప్పించుకోకుండా అన్నారో తెలీదు.

చేతులు సబ్బుతో కడిగాను. ఇంకా వాసన వస్తున్నాయి. రోత అలాగే ఉంది. రేపు పొద్దున నాన్న బయల్దేరేలోపు లేవాలి, ఎడమ పక్కకి ముందు తిప్పాలో కుడి పక్కకి తిప్పాలో ఇంకోసారి అడగాలి.